నిలబడటానికి కరెంటు ఎందుకు?

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం చేరింది. మోటారు లేకుండానే రోబో కాలు ఎగరగలిగితే ఇక వైండింగ్ షాపులకు పనేముంటుందని నీవు అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు రాయాలనిపించలేదు. అందుకే తీరిక చూసుకొని ఇప్పుడు కూర్చున్నాను.

నీకు బాగా తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. ఇసుక పట్టి బోరు మోటారు బిగుసుకుపోయినప్పుడు, నీటిచుక్క పైకి రాకపోయినా చుట్టల్లో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు పారుతుంది. ఆ వేడికే వైండింగ్ మాడి నీ బల్ల మీదికి వస్తుంది. రోబో మోకాలిలోని మోటారుకు కూడా, అంత తీవ్రంగా కాకపోయినా, ఇదే బాధ ఉంది. మోకాలు వంచి బరువు మోస్తూ కదలకుండా నిలబడాలన్నా, బలం పుట్టించేది కరెంటే కాబట్టి, అది ఆగకుండా పారాలి, మోటారు వేడెక్కాలి.

మోటారుకు బదులు ఆ రోబో కాలును కదిలించే కృత్రిమ కండరం, అంటే స్థిర విద్యుత్ కండరం, దారి వేరు. దువ్వెన కాగితం ముక్కలను లాగినట్టు, వ్యతిరేక విద్యుదావేశాలున్న రెండు పలకలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇక్కడ బలాన్నిచ్చేది నిలిచి ఉన్న ఆవేశం, పారే కరెంటు కాదు. ఒకసారి నింపిన తరువాత, లీకయ్యే కొద్దిపాటి కరెంటును భర్తీ చేస్తే చాలు, పట్టు సడలదు. నన్ను ఈ విషయం వైపు లాగింది ఈ ఒక్క గుణమే.

ఆలోచన కొత్తది కాదు. విద్యుదావేశంతో రబ్బరు పట్టీ సాగుతుందని, తరువాత ఎక్స్-కిరణాలను కనుగొన్న రాంట్‌గెన్ 1880లోనే చూపించాడు. అయితే రబ్బరులో ఒక్కసారి నిప్పురవ్వ దూరితే ఆ కండరం పని అయిపోయినట్టే. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రిస్టఫ్ కెప్లింగర్ బృందం 2018లో ప్రకటించిన హేసెల్ కండరాలు ఈ చిక్కును నూనెతో దాటాయి. పలుచని ప్లాస్టిక్ సంచిలో, ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే రకం వృక్షసంబంధమైన నూనె నింపి, సంచిలో కొంత భాగానికి ఇరువైపులా కరెంటు ప్రవహించే పూత పూస్తారు. వోల్టేజీ ఇవ్వగానే పూతలు ఒక అంచు నుంచి జిప్ వేసినట్టు దగ్గరై నూనెను పక్కకు నెడతాయి. నూనె చేరిన భాగం ఉబ్బి, సంచి పొడవు తగ్గుతుంది. మన కండరం కూడా కుదించుకుంటూనే లాగుతుంది కదా! నిప్పురవ్వ నూనెలో పుడితే చుట్టూ ఉన్న నూనె వచ్చి ఆ చోటును మళ్లీ కప్పేస్తుంది.

నీవు వీడియోలో చూసిన కాలు స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందమూ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఇప్పుడు పనిచేస్తున్న కెప్లింగర్ బృందమూ కలిసి చేసి 2024లో ప్రకటించినది. మోటారు కాలునూ దీన్నీ మోకాలు వంచి నిలబెట్టి ఉష్ణ కెమెరాతో చూస్తే, మొదటిది వేడెక్కుతూ పోయింది, రెండవది చల్లగానే ఉంది. అది ఇంకా ఒక కడ్డీకి కట్టి ఉండి గుండ్రంగా మాత్రమే ఎగురుతున్నదన్న మాట కూడా నీకు చెప్పి తీరాలి.

అసలు అడ్డంకి వోల్టేజీ. ఇలాంటి కండరాలకు సాధారణంగా వేల వోల్టులు కావాలి. కరెంటు అతి స్వల్పమే అయినా, అంత వోల్టేజీ ఇచ్చే పరికరాన్ని రోబో వీపున మోయించడం సులువు కాదు. ఆవేశాన్ని ఎక్కువగా పట్టి ఉంచే పలుచని పొరను వాడి, ఆ వోల్టేజీని సుమారు 1,100కు దించవచ్చని ఈటీహెచ్ వారే అదే ఏడాది చూపించారు. నా దృష్టిలో ఎగిరే కాలు కంటే ఇదే పెద్ద విజయం.

నీ షాపు గురించి బెంగ వద్దు. ఇటువంటి సంచి తన పొడవులో దాదాపు పదో వంతు మాత్రమే కుదించుకుంటుంది. గంటల తరబడి గిరగిర తిరగాల్సిన పంపుకూ ఫ్యానుకూ అది పనికిరాదు. వేళ్లు, మోకాళ్లు, పండును నలపకుండా పట్టే చేతులు, ఇవే దాని చోటు.

ఒక చిన్న కోరిక. ఆ సంచులలో ఒక రకానికి వాడిన పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొర నీవు రోజూ మార్చే ఫ్యాను కెపాసిటర్లలోనూ చుట్టి ఉంటుంది. పాడైన దాన్ని ఒకటి డిశ్చార్జి చేసి, విప్పి, ఆ పొరలో ఒక మూర కవరులో పెట్టి పంపు. దాని మందం కొలిచి, నూనె సంచి అంటించడానికి పనికొస్తుందేమో చూసి నీకు రాస్తాను.

నీ
మాధవ్