ఎనభై కప్పులు, ఒకే బకెట్టు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఎనభై కప్పులకు గ్లేజు, అదే బట్టీలో కరిగి గాజులా మెరిసే పూత, వేసేసరికి మూడు రోజులు పట్టిందనీ, నడుము విరిగిపోయిందనీ, కొత్తగా వచ్చిన ఆర్డరుకు కాదని చెప్పేస్తాననీ, ఇకమీదట పెద్ద ఆర్డర్లు ఒప్పుకోననీ రాశావు. ఆ చివరి మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. సారె మీద నీ చేతివాటం నాకు తెలుసురా. నువ్వు ఆగిపోవలసింది ఇక్కడ కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

నువ్వు పని చేసిన తీరు రాశావు కదా. కప్పు తీసుకుని, గ్లేజు అంటకుండా అడుగున మైనం రాసి, గ్లేజులో ముంచి, తుడిచి, పక్కన పెట్టి, మళ్ళీ ఇంకో కప్పు. మూడు రోజులూ అక్కడే పోయాయి. ప్రతి కప్పుకూ కుంచె పట్టుకోవాలి, దించాలి, చేతులు కడగాలి, స్పాంజి వెతకాలి. పనిని కప్పుల వారీగా చెయ్యకు. ఒక్కొక్క పనినీ మొత్తం ఎనభై కప్పులకూ పూర్తిచేసి, ఆ తర్వాతే రెండో పని ఎత్తుకో. మొదటి రోజు ఎనభై కప్పుల దుమ్మూ తడి స్పాంజితో తుడువు. దుమ్ము మిగిలితే బట్టీలో గ్లేజు ముడుచుకుపోయి మట్టి బయటపడుతుంది. ఆ తడి ఆరాక, అదే సాయంత్రం అన్నిటికీ అడుగున మైనం పట్టించు. రాత్రంతా ఆరనివ్వు. మైనం చుక్క పొరపాటున కప్పు ఒంటి మీద పడితే మాత్రం గోకితే పోదు, మళ్ళీ బిస్క్, అంటే గ్లేజుకు ముందు కాల్చే తొలి కాల్పు, కాల్చాల్సిందే. అందుకే ఆ పని హడావుడిగా చెయ్యొద్దు.

అసలు మైనం పనే తగ్గించే ఉపాయం ఒకటుంది. అడుగు చెక్కేటప్పుడే, అంచుకు మూడు మిల్లీమీటర్ల పైన సన్నటి గాడి ఒకటి గీసిపెట్టు. ముంచిన తర్వాత తడి స్పాంజి ఆ గాడి దాకా తుడిస్తే చాలు, గీత తిన్నగా వస్తుంది. ఎక్కడిదాకా తుడవాలా అని ప్రతి కప్పు దగ్గరా ఆలోచించే పని ఉండదు. ఎనభై సార్లు ఆలోచించడం మానితే ఎంత తేలికో, చేసి చూడు.

ఇప్పుడు బకెట్టు సంగతి. నాకు బాగా నొప్పి తగిలింది ఇక్కడే కనుక వివరంగా చెబుతాను. ఒకసారి అరవై గిన్నెలు. పొద్దున గ్లేజు బాగా కలిపాను, వడకట్టాను, మొదలుపెట్టాను. చెయ్యి ఊపు మీదుంది కదా అని ఆపకుండా ముంచుతూనే పోయాను. మధ్యలో మళ్ళీ కలపలేదు. బరువైన పిండి మెల్లగా అడుక్కి దిగింది, పైన పలచన మిగిలింది. ముంచేటప్పుడు కంటికి తేడా కనిపించలేదు. బట్టీ తెరిచాక చివరి ఇరవై గిన్నెలూ గరుగ్గా, వెలవెలబోతూ వచ్చాయి. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక్క పెట్టు అంటారే, నా గుదియ నా చేతిలోనే ఉంది. ఒక్క కప్పు మీద చేసిన తప్పు ఆ కప్పుతో పోతుంది. బకెట్టులో చేసిన తప్పు బట్టీ అంతా పాకుతుంది. పెద్ద మొత్తంలో చేసేవాడు ఇది ఒక్కటి మరిచిపోకూడదు.

అప్పటినుంచి నేను చేసేది చెబుతాను. గ్లేజు 80 మెష్, అంటే అంగుళానికి ఎనభై కన్నాలుండే జల్లెడలో వడకడతాను. 100 మిల్లీలీటర్లు కొలిచి తూస్తాను. ముంచడానికి వాడే గ్లేజులు చాలావరకు 140 నుంచి 150 గ్రాముల మధ్య తూగుతాయి. నా తెల్ల గ్లేజు 145 దగ్గర బాగా పడుతుంది, ఆ అంకె బకెట్టు మీదే రాసి ఉంచాను. పది ముంచగానే అడుగుదాకా కలుపుతాను, ఇరవై అయ్యాక మళ్ళీ తూస్తాను. నీళ్ళు ఆవిరై చిక్కబడితే కాసిని నీళ్ళు పోస్తాను. పిండి మరీ తొందరగా గట్టిగా పేరుకుపోతుంటే ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేడినీళ్ళలో కరిగించి, కొంచెం కొంచెంగా కలుపు. తేలి నిలబడుతుంది. ఒకేసారి గుమ్మరిస్తే గడ్డపెరుగులా అయిపోతుంది, జాగ్రత్త.

ముందు అన్నిటికీ లోపలి గ్లేజు. పోసి, చుట్టూ తిప్పి, వెంటనే వంచెయ్. అది ఆరాకే బయట ముంచు. పలచటి గోడ రెండువైపులా ఒకేసారి నీళ్ళు తాగితే గ్లేజు పట్టదు, జారిపోతుంది. ముంచేటప్పుడు మనసులో లెక్క పెట్టుకో. నాకు మూడు. మొదటి కప్పుకు మూడైతే ఎనభయ్యో కప్పుకూ మూడే. బిస్క్ అంతా ఒకే వేడికి కాలి ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది సుమా. కోన్ అంటే బట్టీ వేడికి వంగే చిన్న కొలత శంఖువు. నేను ఎప్పుడూ 04 కోన్, అంటే దాదాపు 1060 సెల్సియస్ డిగ్రీలకు కాలుస్తాను. ఎక్కువ కాలిన బిస్క్ తక్కువ నీళ్ళు తాగుతుంది, గ్లేజు పొర పలచనవుతుంది. రెండు బట్టీల కప్పులు కలిపేసి ఒకే లెక్కతో ముంచావా, రంగు రెండు రకాలుగా వస్తుంది. నువ్వు రాసిన ఆ 'సగం ముదురు, సగం లేత' సమస్య బహుశా ఇదే.

బట్టీ నింపడానికి నీకు నాలుగు గంటలు పట్టిందన్నావు. నాకూ మొదట్లో అంతే పట్టేది. ఇప్పుడు బట్టీ పలక కొలతకు కాగితాలు కత్తిరించి బల్ల మీద పరుస్తాను. ఒక్కో కాగితం ఒక్కో అంతస్తు. ముంచి తుడిచిన కప్పును నేరుగా ఆ కాగితం మీదే, బట్టీలో ఎక్కడుండాలో అక్కడే పెడతాను. ఎత్తులు సరిపోయేవన్నీ ఒక కాగితం మీదికి చేరతాయి. పలకలను మోసే దిమ్మల ఎత్తుకు సరిగ్గా నరికిన పుల్ల ఒకటి దగ్గర పెట్టుకుని ప్రతి అంతస్తునూ దాంతో చూసుకుంటాను. చివర్లో కాగితం మీదివి పలక మీదికి మారడమే. ఒక్కో పలక కింద మూడే దిమ్మలు, అవి పైనుంచి కిందికి ఒకే నిట్టనిలువు వరుసలో ఉండాలి. బిస్క్ కాల్చేటప్పుడు ఒకదాంట్లో ఒకటి, మూతి మీద మూతి పేర్చుకోవచ్చు. గ్లేజు వేసినవి మాత్రం ఒకదానికొకటి తగలకూడదు, నాలుగైదు మిల్లీమీటర్ల సందు వదులు. కారిన గ్లేజు అంటుకోకుండా పలకల మీద అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే పొడులు సమానంగా కలిపిన పూత ఎప్పుడూ తాజాగా ఉండాలి. కారే గుణమున్న గ్లేజైతే కింద ఒక బిస్క్ బిళ్ళ పెట్టు. బిళ్ళ పోతే పోయింది, పలక మిగులుతుంది.

సందులు మిగిలితే చిన్న గిన్నెలు, టెస్టు బిళ్ళలు దూర్చు. సగం ఖాళీ బట్టీ కాల్చడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. కానీ కొత్త గ్లేజును బిళ్ళ మీద చూడకుండా బట్టీ నిండా వేసే తెగువ మాత్రం చెయ్యకు.

ఇంత దాకా తొందర పడ్డాం కదా, మంట దగ్గర తొందర పనికిరాదు. నిండుగా పేర్చిన బట్టీ వేడెక్కడానికీ చల్లారడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. కంట్రోలరు చూపే అంకె థర్మోకపుల్, అంటే బట్టీలో వేడి కొలిచే పరికరం, కొసది. గుంపు మధ్యలో ఉన్న కప్పు ఇంకా వెనకబడే ఉంటుంది. అందుకే పై, మధ్య, కింది అంతస్తుల్లో మూడు చోట్లా కోన్లు పెట్టాలి. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ జేగర్ తయారుచేసిన చిన్న శంఖువులే వీటికి మూలం. ఇవి వేడితోపాటు ఎంతసేపు వేడి తగిలిందో కూడా చెబుతాయి. 6వ నంబరు కోన్ గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కిస్తే దాదాపు 1222 దగ్గర వంగుతుంది, 150 చొప్పున ఎక్కిస్తే 1243 దాకా నిలబడుతుంది. చివరి వంద డిగ్రీల వేగం మార్చావంటే ఫలితం మారిందన్నమాటే. చివరి వేడికి చేరాక పది, పదిహేను నిమిషాలు అలాగే నిలిపి ఉంచితే మధ్యలో ఉన్నవి అందుకుంటాయి.

బిస్క్‌లో ఇంకా నిదానం కావాలి. తొలి తడి పోయేదాకా 80, 90 డిగ్రీల దగ్గర ఆగు. బట్టీ కన్నం దగ్గర అద్దం పెట్టి చూడు, మసకబారుతుంటే లోపల ఇంకా ఆవిరి ఉన్నట్టే. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే కుదించుకుంటుంది. ఆ చుట్టుపక్కల వేగం తగ్గించు. 700 నుంచి 900 మధ్య మట్టిలోని కార్బన్ కాలిపోవాలి, దానికి గాలి కావాలి. కిక్కిరిసి పేర్చినప్పుడు గాలి ఆడదు కాబట్టి అక్కడ ఇంకా మెల్లగా పో. లోపల మిగిలిన కార్బన్ తర్వాత గ్లేజులో సూదిబెజ్జాలుగా బయటికొస్తుంది. గ్లేజు తప్పనుకుని నెలలు తరబడి గ్లేజు మార్చినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒరేయ్, ఇంకో మాట. పొడి కలిపేటప్పుడు మంచి మాస్కు పెట్టుకో. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి పోదు. నేల ఊడవకు, తడిబట్టతో తుడువు. బట్టీ కాలేటప్పుడు గది కిటికీలు తెరిచి ఉంచు. నువ్వు ఈ పని ముప్పై ఏళ్ళు చెయ్యాలి.

కాలింది కదా అని మూత లేపకు. వంద డిగ్రీల కిందికి దిగేదాకా ఆగు. నిండు బట్టీ అయితే మర్నాడూ అవ్వొచ్చు, అవ్వనీ. ఆ ఖాళీలో ఈసారి ఏ అంతస్తులో కోన్ ఎంత వంగిందో, బకెట్టు ఎంత తూగిందో పుస్తకంలో రాయడానికి గీతలు గీసుకో.

ఆ ఆర్డరు వాళ్ళకు ఇంకా కాదని చెప్పలేదుగా? చెప్పకు. రేపు మొదటి పనిగా నీ బకెట్టు కలిపి, 100 మిల్లీలీటర్లు ఎన్ని గ్రాములు తూగాయో నాకు రాయి.

నీ కోసం ఎదురుచూసే,
నీ నేస్తం