తంగేడుకు గింజ చాలు, ట్యాంకర్ అక్కర్లేదు: అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

అనంతపురం జిల్లా రోడ్ల పక్కన, బంజర్లలో పచ్చదనం పనులకు తంగేడును ఎంచుకోండి. అదీ నర్సరీ మొక్కగా కాదు, నేరుగా గింజ వేసి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో తంగేడును నిలబెట్టేది తల్లివేరు. కవర్‌లో పెంచితే అది అడుగుకు తగిలి చుట్టలు తిరుగుతుంది. నాటిన రోజు మొక్క పచ్చగానే కనిపిస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి లోపలి తడి అందక మాడిపోతుంది. పశువులు, మేకలు తంగేడును పెద్దగా ముట్టవు కాబట్టి కంచె ఖర్చూ తక్కువే.

గింజ పెంకు గట్టిది. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, కాసేపాగి గింజల మీద పోసి రాత్రంతా నానబెట్టాలి. పొయ్యి మీదే ఉడికిస్తే మొలక చస్తుంది. తెల్లారి ఉబ్బినవాటిని విత్తి, ఉబ్బనివాటిని మళ్లీ నానబెట్టాలి. నేల బాగా పదునెక్కాకే ఈ పని మొదలుపెట్టాలి. చిరుజల్లుకే విత్తితే మొలకెత్తి ఎండిపోతాయి. అందుకే నాలుగో వంతు గింజలు నానబెట్టకుండా కలపమంటున్నాం, అవి తర్వాతి వానలకు లేస్తాయి. చోటుకు మూడు గింజలు, సెంటీమీటరు లోతు, చోటుకూ చోటుకూ మీటరున్నర ఎడం. కందకాలు తవ్విన చోట అడుగున నీరు నిలుస్తుంది, గట్టు మీదే వేయించండి. జానెడు ఎదిగాక ఒక్కటి ఉంచి మిగతావి తీసేయాలి.

తంగేడు పూలలో తేనె ఉండదు, పుప్పొడే. అది కేసరాల కొసన ఉన్న రంధ్రాల్లోంచి రాలాలంటే పెద్ద నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరించాలి. తేనెటీగకు ఆ అదురు రాదు, రాలినది ఏరుకుంటుంది. ఆ తుమ్మెదలే వంగ పూలనూ అలాగే అదిరిస్తాయి కాబట్టి లాభం పక్క పొలానికీ అందుతుంది. తేనె కోసం మధ్యమధ్య రేగు వేయించండి. తుమ్మెదలు ఎండు కట్టెను తొలిచి గూడు పెడతాయి, శుభ్రం చేయించే పేరుతో మోడులన్నీ కొట్టించవద్దు. కొమ్మలు కత్తిరించడం కాయలు పండాకే.

చివరిగా ఒక్క మార్పు కోరుతున్నాం. పని కొలత నాటిన సంఖ్య కాకూడదు. రెండో ఎండాకాలం దాటాక బతికున్న మొక్కలను లెక్కించి, బిల్లులో సగమైనా అప్పుడే చెల్లించండి.

ఇట్లు,
మెట్ట నేలల్లో తంగేడు పెంచుతున్నవారం