కరోనా కాలపు రాతలకు తేదీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

కరోనా రోజుల మీద స్థానిక రచయితలు రాసిన కవితలు, కథలు, నివాళులు కలిపి సంకలనాలుగా తెచ్చే ప్రయత్నాలు మంచివే. అయితే ఆ రాతప్రతుల్లో చాలావాటికి తేదీ ఉండదు. మిగతా లోపాలు ఎలాగోలా సరిచేసుకోవచ్చు గానీ దీన్ని తర్వాత ఎవరూ పూడ్చలేరు. ఇలాంటి రాతలు సేకరించి అచ్చుకు సిద్ధం చేసే పనిలో ఉన్నవాళ్లంగా ఈ మాట గట్టిగా చెప్పదలచుకున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న. ఈ మూడేళ్లూ ఒక్కలా గడవలేదు. టీకా ఊసే లేని రోజుల భయం వేరు, టీకా వచ్చాక కూడా మనిషిని పోగొట్టుకున్నవాళ్ల కోపం వేరు. తేదీ లేకపోతే రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. కాబట్టి ప్రతి రచన కింద మొదట రాసిన రోజు, చివరిసారి దిద్దిన రోజు రెండూ ఉండాలి. 2020లో రాసి 2022లో దిద్దితే, మధ్యలో తెలిసిన సంగతులు తెలియకుండానే లోపలికి వచ్చి చేరతాయి. దిద్దుకునే హక్కు రచయితది. మొదటి ప్రతిని మాత్రం పారేయొద్దు.

1665లో లండన్‌ను ప్లేగు పట్టినప్పుడు నౌకాదళ కార్యాలయంలో పనిచేసే శామ్యూల్ పెపీస్ జూన్ 7న తన డైరీలో ఒక సంగతి రాసుకున్నాడు. డ్రూరీ లేన్‌లో రెండు మూడు ఇళ్ల తలుపుల మీద ప్లేగు సోకిన ఇంటికి వేసే ఎర్ర శిలువ గుర్తు, దేవుడు మమ్మల్ని కరుణించాలన్న రాత కనిపించాయి. బెదిరిపోయి, పొగాకు కొని వాసన చూసి నమిలితే గానీ ఆ బెదురు తగ్గలేదు. అంతే, ఒక్క అలంకారం లేదు. తేదీ, వీధి పేరు, పొగాకు ఉన్నాయి గనకే ఇప్పటికీ నమ్మబుద్ధేస్తుంది.

మన రచయితలూ ఇలాంటివి రాశారు. చిక్కేమిటంటే సంకలనకర్తల కత్తెరకు ముందు బలయ్యేవి అవే. ‘కంటికి కనిపించని శత్రువు’, ‘ప్రకృతి తీర్చుకున్న పగ’ అచ్చుకెక్కుతాయి, వివరాలు ఎగిరిపోతాయి. తొంభై నాలుగు, తొంభై ఒకటి, ఎనభై ఆరు అని పాదానికో అంకె వేసుకుంటూ దిగే కవిత ఉందనుకోండి. ఆ రోజులు చూసినవాళ్లకు చదువుతుంటేనే గుండె జారిపోతుంది. పాతికేళ్ల తర్వాత చదివే పిల్లలకు అవి మార్కులో, వయసులో అర్థం కాదు. అడుగున ఒక వాక్యం చాలు: ‘ఇవి వేలికి తగిలించే ఆక్సిమీటర్ చూపే ఆక్సిజన్ శాతాలు, సాధారణంగా 95కు తగ్గవు.’ చేతులు చల్లబడినా, గోళ్లకు రంగున్నా అంకె తప్పు రావచ్చు. అందుకే వేలు మార్చి మార్చి చూసేవాళ్లు. కవితలో వేళ్ల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తే పునరుక్తి అని కొట్టేయకండి. ఆ ఇంట్లో జరిగింది అదే.

ఇక భద్రపరచడం. ఈ రాతల్లో సగం ఫోన్లలోనే పుట్టాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన కవితను కాపీ చేసుకుంటే తేదీ పోతుంది, నాలుగు చేతులు మారేసరికి కింద కవి పేరూ పోతుంది. గ్రూపులోని ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ వాడితే ప్రతి సందేశం తేదీ, సమయం, పంపినవారి పేరుతో సహా టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. ఫొటోలు, ఆడియోలు కలుపుకొంటే పాత సందేశాలు కొన్ని రాకపోవచ్చు, అందుకని ముందు ఫొటోలు, ఆడియోలు లేకుండా ఒకసారి దించుకోండి. అందులో గ్రూపులోని అందరి మాటలూ నంబర్లూ ఉంటాయి కాబట్టి అచ్చుకు కావలసింది తీసుకుని మిగతాది ఎవరికీ పంపకండి. నోటుపుస్తకాల పేజీలను కనీసం 300 డీపీఐలో (స్కాన్ స్పష్టతకు కొలత) స్కాన్ చేయాలి, పెన్సిల్ రాతైతే 600. వాటిని వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

కొందరు రాతప్రతితో పాటు ఆసుపత్రి రసీదులు, మందుల చీటీలు దాచుకుని ఉంటారు. మెషీన్ నుంచి వచ్చే నున్నటి రసీదులు చాలావరకు థర్మల్ కాగితాలు. వాటిమీద అక్షరాలు వేడికి పుట్టినవే, కాలం గడిస్తే వెలిసిపోతాయి. పోతాయేమోనని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది, ఇక చదవడానికి ఏమీ మిగలదు. ముందు స్కాన్, తర్వాత జిరాక్స్, అసలుది నీడపట్టున విడి కవరులో. సెల్లోటేపు, స్టేపుల్ పిన్నులు వద్దు.

డీటీపీ చేయించినవారికి ఇంకో చిక్కుంది. ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి తప్ప తెలుగు కనపడదు. పుస్తకం అచ్చయ్యాక ఆ ఫైలుతో పాటు పీడీఎఫ్, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి కూడా అడిగి తీసుకోండి. మార్చినప్పుడు ఒత్తులు, అంకెలు, మధ్యలోని ఇంగ్లీషు మాటలు చెడిపోతుంటాయి, అచ్చుప్రతి పక్కన పెట్టుకుని సరిచూడాల్సిందే. మూడు ప్రతులు ఉంచుకుని, ఒకటి వేరే చోట పెట్టండి. పెన్‌డ్రైవ్ ఒక్కటే దిక్కు అనుకోవద్దు.

అనుమతి మాటతో సరిపోదు, కాగితం మీద ఉండాలి. ఏ రచన, ఎక్కడ వేస్తున్నారు, పేరు వేయవచ్చా, చనిపోయినవారి అసలు పేరు ఉండవచ్చా అన్నవి విడివిడిగా అడగండి. చివరి ప్రశ్న రచయితను మాత్రమే కాదు, ఆ కుటుంబాన్నీ అడగాలి. అచ్చుకు వెళ్లేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులోనే రాసివ్వండి. పోగొట్టుకున్న మనిషి మీద రాసినదానికి మొదటి బహుమతి, రెండో బహుమతి అని పోటీలు పెట్టడం మాత్రం దయచేసి మానాలి. ఎవరి దుఃఖం మెరుగ్గా ఉందో తేల్చే హక్కు మనలో ఎవరికీ లేదు.

మీ పత్రికకు ఒక మనవి. సాహిత్య పేజీలో, ఆదివారం అనుబంధంలో ఈ కాలపు రచన ఏది వేసినా, రచయిత పేరు కింద రాసిన తేదీ కూడా వేయండి. రచనలు ఆహ్వానించే ప్రకటనలో ‘రాసిన తేదీ తప్పనిసరి’ అన్న ఒక్క పంక్తి చేర్చండి.

ఇట్లు,
స్థానిక రచనలు సేకరించే కొందరు పాఠకులు