గేటు ముందు ఆకాశమల్లె వద్దురా శీనూ

హనుమకొండ,
కార్తీక మాసం

అరే శీనూ,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నా. కానీ చెట్ల ముచ్చట మొదలైతే నేను గంటకు తగ్గను, మీ వదిన గుర్రుమని చూస్తది. అందుకే ఉత్తరానికి కూర్చున్నా. కరీంనగర్ ఇంటి గేటు ముందు ఆకాశమల్లె పెడదామా అని కదా అడిగావు? వద్దు. ఎందుకు వద్దో తర్వాత చెప్తా, ముందు దాన్ని కాసేపు మెచ్చుకోనీ.

ఇప్పుడు మా గల్లీ నిండా అదే వాసన. బతుకమ్మ పోయి, తంగేడు, గునుగు మాట మర్చిపోయి, చలి మొదలయ్యే టైంకి ఇది అందుకుంటది. చీకటి పడేటప్పుడు మొగ్గలు విచ్చుకుంటాయి, తెల్లారేసరికి రోడ్డంతా తెల్లగా రాలి ఉంటాయి. నిన్న ఒక పువ్వు తెచ్చి గోటితో చీల్చి చూశా. సన్నటి తెల్లటి గొట్టం, దాదాపు మన చూపుడు వేలంత పొడుగు. చివర అయిదు రేకులే, కానీ రెండు దాదాపు కొసదాకా కలిసిపోయి నాలుగే ఉన్నట్టు అనిపిస్తది. నాలుగు కేసరాలు. తేనె ఎక్కడో అడుగున. అంత లోతుకు అందాలంటే పొడుగు తొండం ఉన్న చిమ్మటలే రావాలి. అవి తిరిగేది రాత్రిపూట. చీకట్లో ఎర్ర రంగు ఎవరికి కనపడ్తది? అందుకే ఆ తెలుపు, అందుకే రాత్రి ఆ ఘుమఘుమ. చిన్నప్పుడు ఆడపిల్లలు దారం లేకుండా ఆ గొట్టాలనే జడలా అల్లేవాళ్లు, యాదికుందా?

ఇంత ఆర్భాటం చేసినా మన దేశంలో కాయ పట్టేది అరుదు. దీని సొంతూరు బర్మా వైపు. తగిన చిమ్మటలు ఇక్కడ లేకపోవడమే కారణమంటారు. ఎప్పుడైనా కాసినా, పలచటి పొడుగు కాయలోంచి రెక్కల గింజలు ఎగిరొస్తాయి, వెంటనే నాటకపోతే మొలకెత్తవు. తమాషా ఏంటంటే, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కొడుకు దీనికి మిల్లింగ్టోనియా హార్టెన్సిస్ అని పేరు పెట్టాడు, థామస్ మిల్లింగ్టన్ అనే ఇంగ్లీషు డాక్టర్ పేరు మీద. పువ్వులో కేసరాలు మగ భాగం అయి ఉంటాయని నెహెమయా గ్రూ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్తకు చెప్పింది ఈ మిల్లింగ్టనే. గ్రూ 1682లో తన పుస్తకం అచ్చేసినప్పుడు ఆ ఆలోచన మిల్లింగ్టన్‌దేనన్న సంగతి దాచుకోలేదు, పాపం మంచోడు. పూల సంసారం గుట్టు కనిపెట్టిన పెద్దమనిషి పేరు పెట్టుకున్న చెట్టుకు మన దగ్గర సంతానం లేదు, చూశావా!

మరి ఇన్ని చెట్లెక్కడివంటావా? వేర్ల మీంచి లేచే పిలకలు. గేటు దగ్గర అసలు గొడవ అదే. నువ్వు ఒకటి నాటితే కాంపౌండు లోపల ఇంకో నాలుగు లేస్తాయి, టైల్స్ సంగతి దేవుడెరుగు. పైగా నిటారుగా 60 అడుగులకు పోతది గానీ కర్రలో బలం లేదు. బెరడు ముట్టుకుంటే మెత్తగా బెండులా ఉంటది, సీసా బిరడాలకు నాసిరకం బెండుగా వాడేవాళ్లు కూడా. మొన్న మే నెల గాలిదుమారంలో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పక్కింటాయన కొత్త బండి మీద పడింది. ఆయన ఇప్పటికీ నా మొహం చూడడు, చెట్టు నాదైనట్టు!

గేటుకు పొగడ పెట్టు. మెల్లగా పెరుగుతది, టెన్షన్ లేదు. గట్టి కర్ర, ఏడాదంతా ఆకు, పూలు ఎండినా వాసన పోదు. పారిజాతం చిన్న ఇంటికి సరిపోతది గానీ, ఎండాకాలం ఆకు రాలిపోయి బోసిపోతది, నాకైతే అంత నచ్చదు.

ఆకాశమల్లె కావాల్సిందే అంటే మీ పొలం గట్టున పెట్టు, కరెంటు తీగలకు దూరంగా. జూన్‌లో రెండు వానలు పడ్డాక రా, వేరు ముక్కతో సహా పిలక తవ్విస్తా. గోనెసంచి నువ్వే తెచ్చుకో, పోయినసారి తీసుకుపోయిన నా పారతో సహా.

చెల్లెనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

నీ
రాజు