ఊరు చూసుకునే ముందు ఏ మెనోనైట్లో తేల్చుకోండి

సంపాదకుల వారికి,

పాలమూరులో ఎం.బి. చర్చి అంటే తెలియని వాళ్లు తక్కువ. మెనోనైట్లు ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతుల రాకతో మొదలైన వాళ్ల అమెరికన్ మెనోనైట్ బ్రదరెన్ (ఎం.బి.) మిషన్ మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దాకా పాకింది. ఆ కుటుంబాల పిల్లలు అమెరికా వెళ్తూ, డల్లాస్ లాంటి మహానగరం కాకుండా మెనోనైట్లున్న చిన్న ఊరేదైనా ఉందా అని వెతికితే దొరికేవి గుర్రబ్బగ్గీల వీడియోలే. వాటిని చూసి ఊరు ఎంచుకుంటే చిక్కే.

బగ్గీల వాళ్లలో ఎక్కువమంది ఆమిష్‌లు, 1693లోనే మెనోనైట్ల నుంచి వేరుపడ్డ శాఖ. మెనోనైట్లలోనూ అందరిదీ ఒకే పద్ధతి కాదు. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీనే చూడండి. వెంగర్ మెనోనైట్లు నల్ల బగ్గీల్లోనో సైకిళ్ల మీదో వెళ్తారు. పొలానికి ట్రాక్టరుంది గానీ చక్రాలు ఇనుపవి. రబ్బరు టైర్లుంటే దాన్నే కారులా వాడేస్తారని ఆ కట్టడి. హార్నింగ్ శాఖ వాళ్లకు కార్లున్నాయి, కాకపోతే నల్లవే. ఇరుగుపొరుగుగా వీళ్లకు వంక పెట్టలేం, కానీ సంఘంలో చేరాలంటే దుస్తులు మొదలు అన్నీ మార్చుకోవాలి. మన ఎం.బి.లది 1860లో రష్యా సామ్రాజ్యంలో ఏర్పడిన శాఖ. మామూలు దుస్తులు, ఇంగ్లిష్ ఆరాధన. వాళ్ల పట్టున్న చోట్లు కాన్సస్‌లో హిల్స్‌బరో, కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, రీడ్లీ. ఇవి కాక కాలేజీలు నడిపే మెనోనైట్ చర్చ్ యూఎస్‌ఏ సంఘాలున్నాయి. కొత్తవాళ్లు కలిసిపోవడానికి ఈ చివరి రెండే వీలు.

హిల్స్‌బరోలో టేబర్ కాలేజీ ఉంది, జనం మూడు వేలకు లోపే. అక్కడ పని దొరికితే తప్ప కాపురం పెట్టొద్దు. దానికన్నా కాన్సస్‌లోనే ఉన్న న్యూటన్ నయం: సుమారు 18,600 జనాభా, పక్కనే బెథెల్ కాలేజీ, కొద్ది దూరంలో హెస్టన్ కాలేజీ. అరగంటలో విచిటా విమాన కర్మాగారాలకు చేరొచ్చు. అయితే వాటిలో రక్షణ రంగ పనులకు గ్రీన్‌కార్డు, కొన్నింటికి పౌరసత్వమే అడుగుతారు. వీసా మీదున్నవాళ్లు ఆఫర్ చేతికొచ్చాక ఇల్లు చూసుకోవాలి. టోర్నడోలు వచ్చే ప్రాంతం కాబట్టి బేస్‌మెంట్ గానీ తుపాను గది గానీ లేని ఇల్లు వదిలేయండి.

ఇండియానాలోని గోషెన్‌లో కాలేజీ, బడి, చర్చీలు అన్నీ అందుబాటులో ఉంటాయి. చుట్టుపక్కల బతుకుతెరువు మాత్రం ఆర్‌వీల (లోపలే పడుకుని వండుకునే వీలున్న ప్రయాణపు బండ్ల) తయారీ మీదే. జనం చేతిలో డబ్బు ఆడకపోతే మొదట ఆగిపోయే కొనుగోలు అదే. 2009లో గోషెన్ ఉన్న ఎల్‌కార్ట్ కౌంటీలో నిరుద్యోగం 18 శాతం దాటింది. మిషిగన్ సరస్సు మీదుగా వచ్చే గాలి తెచ్చే మంచు అదనం. వర్జీనియాలోని హారిసన్‌బర్గ్‌లో జనాభా యాభై వేల పైచిలుకు, ఈస్టర్న్ మెనోనైట్ యూనివర్సిటీతోపాటు జేమ్స్ మాడిసన్ అనే పెద్ద యూనివర్సిటీ కూడా ఉంది. ఇద్దరికీ ఉద్యోగం కావాల్సిన దంపతులకు నేను చెప్పేది ఈ ఊరే. యూనివర్సిటీ ఉద్యోగానికి హెచ్‌-1బీ లాటరీ ఉండదు. రైలెక్కాలంటే మాత్రం స్టాంటన్ వెళ్లాలి. అక్కడ కూడా బండి వారానికి మూడు రోజులే.

లాంకస్టర్ నుంచి ఫిలడెల్ఫియాకు రోజూ రైళ్లున్నాయి. అక్కడ ఇల్లు నగర సరిహద్దు దాటితే బోరు నీళ్లూ సెప్టిక్ ట్యాంకే ఎక్కువ. నేల కింద సున్నపురాయి, పైన పశువుల ఎరువు. రాతి పగుళ్లలోంచి నైట్రేట్ తేలిగ్గా దిగిపోతుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు (నైట్రోజన్ లెక్కన) హద్దు. అంతకు మించిన నీళ్లతో పాలపొడి కలిపితే పసిబిడ్డ ఒళ్లు నీలం తిరిగే ప్రమాదముంది. మన అలవాటు కొద్దీ కాచి తాగితే సరిపోతుందనుకుంటాం. కాస్తే నీరు ఆవిరైపోయి నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టరు పెట్టాలి. హారిసన్‌బర్గ్ లోయదీ ఇదే నేల. బేస్‌మెంట్‌లో నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు పరీక్ష కూడా చేయించండి: కిటికీలు మూసి కనీసం 48 గంటలు. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, ఆపైన వస్తే ఆ వాయువును బయటికి పంపే పైపూ ఫ్యానూ బిగించే ఖర్చును ధర మాట్లాడేటప్పుడే అమ్మేవాళ్ల ముందు పెట్టాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక అడిగితే ఎవరూ పలకరు.

బగ్గీలు తిరిగే రోడ్డు మీద 500 అడుగుల దూరంలో బగ్గీ వెనకుండే నారింజ త్రికోణం కనిపించిందంటే, 55 మైళ్ల వేగంలో ఏడు సెకన్లలోపే దాని మీదకు వెళ్లిపోతాం. గుట్ట ఎక్కేటప్పుడే వేగం తగ్గించాలి, దగ్గరికెళ్లి హారన్ కొట్టకూడదు. గుర్రం బెదురుతుంది.

ఊరు ఖాయం చేసుకునే ముందు జనవరి, ఫిబ్రవరిల్లో ఒక శనివారం వెళ్లి సోమవారం దాకా ఉండండి. ఆదివారం చర్చిలో వాద్యాలు లేకుండా నాలుగు గొంతులు కలిపి పాడుతుంటే కూర్చోగలరేమో చూసుకోండి. దుకాణాలు చాలా మూసే ఉంటాయి. కంది పప్పు, కరివేపాకు ఎంత దూరంలో దొరుకుతాయో సోమవారం కనుక్కోండి. ఇంకొకటి: మెనోనైట్ల సహాయ సంస్థ మెనోనైట్ సెంట్రల్ కమిటీ ఆఫీసున్న ఆక్రన్ పెన్సిల్వేనియాలోది, ఒహాయోలోని పెద్ద ఆక్రన్ కాదు. టికెట్ కొనేటప్పుడు రాష్ట్రం పేరు చూసుకోవాలి. న్యూటన్‌కు ఆమ్‌ట్రాక్ రైల్లో వెళ్లేవాళ్లకు రెండు వైపుల బండ్లూ అర్ధరాత్రి దాటాకే వస్తాయి. స్టేషన్‌కు ఎవరొస్తారో ముందే మాట్లాడుకోండి.

— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్