తొందరపడి గిల్టీ అనొద్దని చెప్పు

డాలస్

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదురా. అమెరికాలో తమ్ముడి మీద పడ్డ షాపు దొంగతనం కేసు సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదన్నావు, మంచిదే. ముందు ఆ కోర్టు కాగితంలో ఉన్న మాటలేంటో తెలుసుకో, సగం టెన్షన్ దిగిపోతుంది.

మిస్‌డిమీనర్ అంటే చిన్న నేరం. మామూలుగా ఏడాదికి మించి జైలు పడనిది. అది దాటితే ఫెలొనీ, అంటే పెద్ద నేరం. వాడిని రమ్మన్నది అరైన్‌మెంట్‌కి. ఆరోజు సాక్షులూ వాదనలూ ఏమీ ఉండవు. జడ్జి అభియోగం చదివి, నీ జవాబేంటని అడుగుతారు. ఆ జవాబే ప్లీ.

నా భయమంతా అక్కడేరా. షాపులో వస్తువు తీశాడన్న కేసే కదా, గిల్టీ అని ఫైన్ కట్టేస్తే వదిలిపోతుందని రూమ్మేట్లు చెబుతారు. అస్సలు వినొద్దను. దొంగతనం కేసుల్ని ఇమిగ్రేషన్ వాళ్లు చాలా గట్టిగా చూస్తారు. నో కాంటెస్ట్ అని ఇంకోటుంది, తప్పు ఒప్పుకోను గానీ ఎదురు వాదించను అని. వినడానికి మెత్తగానే ఉంటుంది. కానీ దాని మీద ఫైనో, ప్రొబేషనో (జైలు బదులు కొన్నాళ్లు కోర్టు నిఘాలో ఉండటం) పడిందంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్నీ కన్విక్షన్‌గానే, అంటే నేరం రుజువైనట్టే లెక్కేస్తుంది. గిల్టీ అన్నాక ప్రొబేషన్ పూర్తయి ఆ రాష్ట్రం కోర్టు కేసు కొట్టేసినా సరే, అంతే.

పడియా అని ఒకాయన. హోండురస్‌లో పుట్టి, గ్రీన్‌కార్డుతో నలభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు, అమెరికా తరఫున వియత్నాం యుద్ధానికీ వెళ్లాడు. గంజాయి రవాణా కేసులో, ఇన్నేళ్లుగా ఉన్నావు, ఇమిగ్రేషన్ గురించి బెంగ అక్కర్లేదని లాయర్ చెబితే నమ్మి గిల్టీ అన్నాడు. దేశం నుంచి పంపేసే పరిస్థితి వచ్చింది. క్రిమినల్ కేసు లాయర్ ఆ ముప్పు గురించి ముందే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మనవాళ్లలో ఎంతమందికి తెలుసురా ఈ సంగతి?

అరైన్‌మెంట్‌లో నాట్ గిల్టీ అనడం అబద్ధమాడటం కాదని వాడికి నచ్చజెప్పు. నేరం రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిదే అని చెప్పడమే అది. లాయర్ దొరకకపోతే వాయిదా అడగమను, కంటిన్యూయెన్స్ అంటారు. డబ్బు లేకపోతే పబ్లిక్ డిఫెండర్‌ని, అంటే ప్రభుత్వం ఇచ్చే లాయర్‌ని అడగొచ్చు. ఎవరు వాదించినా, ప్లీ చెప్పేలోపు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడి తీరాలి. తేదీకి మాత్రం వెళ్లకుండా ఉండకూడదు, అరెస్టు వారెంట్ ఇచ్చేస్తారు.

ఆ కాగితం రెండువైపులా ఫోటో తీసి ఈ రాత్రికే నాకు వాట్సాప్ చేయమను. శనివారం నేనే వాడితో మాట్లాడతాను.

నీ
రఘు