సుల్తాన్‌కి ఇక జతలు కట్టించం

విజయవాడ పటమటలో మా పెట్ షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మా దగ్గర పిల్లి కూనలు అమ్మం. మా పర్షియన్ మగపిల్లి సుల్తాన్‌తో క్రాసింగ్ కూడా చేయించం. అడ్వాన్సు ఇచ్చిన ఐదుగురిలో ముగ్గురికి డబ్బు తిరిగి ఇచ్చేశాను, మిగిలిన ఇద్దరూ ఎప్పుడొచ్చినా తీసుకోవచ్చు. ఫుడ్, గ్రూమింగ్, బోర్డింగ్ (మీరు ఊరెళ్తే పిల్లిని మా దగ్గర ఉంచుకోవడం) ఎప్పటిలాగే ఉంటాయి. ఈ నాలుగు ముక్కలు రాసి తలుపుకి అంటిస్తే సరిపోతుందన్నారు మా ఆయన. అలా చేస్తే పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంటుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సుల్తాన్‌కి ఇప్పుడు ఏడేళ్ళు. కౌంటర్ మీద బిల్లు పుస్తకం పక్కనే పడుకుంటాడు, మీలో చాలామంది వాడితో ఫోటోలు కూడా దిగారు. రెండు నెలల కిందట తిండి తగ్గించాడు. గిన్నెడు నీళ్ళు పోస్తే గంటలో ఖాళీ. ఎండలకేమో అనుకున్నాను. బరువు తూస్తే ముప్పావు కిలో తగ్గాడు. డాక్టరుగారు పొట్ట స్కాన్ చేసి స్క్రీన్ నా వైపు తిప్పారు. రెండు కిడ్నీల్లోనూ ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు.

దీన్ని పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్ అంటారు, పొట్టిగా పీకేడీ. పుట్టుకతోనే ఉంటుంది. బుడగలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతూ కిడ్నీని మింగేస్తాయి. చాలా పిల్లుల్లో ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా బయటికి ఏమీ కనిపించదు. అప్పటికి ఎన్ని ఈతలు, అంటే కాన్పులు, అయిపోయి ఉంటాయో ఆలోచించండి. పర్షియన్లలో ఇది ఎంత మామూలంటే, వేరే దేశాల్లో చేసిన సర్వేల్లో మూడోవంతుకు పైగా పిల్లుల్లో కనిపించింది. తల్లికో తండ్రికో, ఒక్కరికి ఉన్నా చాలు, పుట్టే ప్రతి కూనకీ వచ్చే అవకాశం సగానికి సగం. దీనికి కారణమైన జన్యువులోని లోపాన్ని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు 2004లోనే పట్టుకున్నారు. చెంప లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే ల్యాబ్‌లో తేలిపోయే టెస్టు. నేను షాపు పెట్టేనాటికే ఆ టెస్టు ఉంది. నాకు తెలియలేదని చెప్పుకోవచ్చు గానీ, నాలుగేళ్ళు మగపిల్లిని పెట్టుకుని డబ్బు తీసుకున్న మనిషి తెలుసుకోకపోవడం తప్పే.

నా నోట్‌బుక్ ప్రకారం సుల్తాన్‌తో 23 సార్లు క్రాసింగ్ చేయించాను. మీరు ఫోన్ చేసి చెప్పిన లెక్కన పుట్టిన కూనలు 70కి పైనే. అందులో సగం అంటే ఎన్నో నేను రాయక్కర్లేదు.

కాబట్టి ముందు ఈ పని చేయండి. మీ ఇంట్లో సుల్తాన్ బిడ్డ ఉంటే, పది నెలలు దాటితే స్కాన్‌లో చాలావరకు తెలిసిపోతుంది. అంతకన్నా చిన్నదైతే జన్యు పరీక్ష ఏ వయసులోనైనా చేయించవచ్చు. నా దగ్గర కొన్న కూనలకి స్కాన్ ఖర్చు మొత్తం నేను పెడతాను. క్రాసింగ్‌కి మాత్రమే తెచ్చినవాళ్ళకి సగం ఇస్తాను. మొత్తం ఇవ్వాలనే ఉంది, అంత స్థోమత లేదు. బుడగలు ఉన్నాయని తేలినా కంగారు పడొద్దు. ఇది నయమయ్యే జబ్బు కాదు గానీ, నీళ్ళు బాగా తాగేలా చూసుకుని, డాక్టరు చెప్పిన కిడ్నీ తిండి పెడుతూ, ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయిస్తే ఏళ్ళకేళ్ళు బాగానే బతికేవి ఉన్నాయి. దాన్ని ఈతకి మాత్రం పెట్టకండి. సుల్తాన్‌కి కూడా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం గానీ, ఈ కిడ్నీలతో మత్తు ఇవ్వడం ఎందుకని డాక్టరుగారు వద్దన్నారు. వాడు నా దగ్గరే ఉంటాడు. గుమ్మం దాటి ఆడపిల్లి దగ్గరికి పోడు, అంతే.

ఇంకో తప్పు కూడా చెప్పేయాలి. మొదటి రెండేళ్ళూ 45 రోజుల కూనల్ని అమ్మాను. అందరూ అలాగే అమ్మేవారు, కొనేవాళ్ళూ "ఇంకా చిన్నది లేదా అక్కా, చేతిలో పట్టేది" అనేవారు. 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం ఎనిమిది వారాల లోపు కూనని అమ్మకూడదు. అంటే 56 రోజులు. ఆ పదకొండు రోజుల్లో ఏముంది అనిపిస్తుంది. ఆ రోజుల్లోనే తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఎంత గట్టిగా కరిస్తే నొప్పో నేర్చుకుంటుంది. ముందే విడదీసిన కూనలు మీ చేతులు రక్కుతుంటే "ఇది బాగా పొగరుమోతు అక్కా" అని ఫోన్ చేసింది మీరే. పొగరు కాదు, నేర్చుకునే టైము నేను ఇవ్వలేదు.

ఇక మీరు రోజూ అడిగే ప్రశ్న. "ఒక్క ఈత తీసి ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాం అక్కా, ఏమంటారు?"

ఎందుకు అని అడిగితే వచ్చే జవాబులు మూడో నాలుగో. ఒక్కసారైనా తల్లి కాకపోతే ఆరోగ్యానికి మంచిది కాదని ఎవరో చెప్పారంటారు. అది ఒట్టి మాట. ఉన్న నిజం దానికి ఎదురుగా ఉంది. మొదటి ఎదకి ముందే, అంటే ఐదారు నెలలప్పుడే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గిపోతుంది. పిల్లుల్లో ఆ గడ్డలు వస్తే ఎక్కువ భాగం క్యాన్సరే. గర్భసంచిలో చీము పట్టే జబ్బు భయమూ ఉండదు. దానికి తల్లి కావాలని ఉంటుంది కదా పాపం అంటారు. ఎదకొచ్చిన పిల్లి రాత్రంతా అరుస్తూ నేల మీద దొర్లుతుంటే మనకి అలాగే అనిపిస్తుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాలకోసారి మళ్ళీ అదే వరస, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అది హార్మోన్ల పోరు. దాన్ని చూసి బిడ్డల కోసం తపన అనుకోవడం మన మనసు.

మూడోది డబ్బు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే లెక్కల పుస్తకం నా చేతిలో ఉంది.

మా ఆడపిల్లి ముత్యం చివరి ఈత పోయిన ఏడాది. పిల్లి 63, 65 రోజులు మోస్తుంది. అర్ధరాత్రి రెండింటికి నొప్పులు మొదలయ్యాయి, ఒక కూన పుట్టింది, రెండోది అడ్డంపడింది. ముఖం చప్పిడిగా, తల పెద్దగా ఉండే జాతుల్లో ఇది ఎక్కువ. తెల్లవారుజామున సిజేరియన్. నాలుగు కూనల్లో ఒకటి చనిపోయి పుట్టింది, ఇంకొకటి ఐదో రోజు పోయింది. మత్తు దిగాక ముత్యం మిగిలిన రెండింటినీ దగ్గరికి రానివ్వలేదు. మూడు వారాలు నేనూ మా ఆయనా వంతులేసుకుని రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాం. ఆవుపాలు కాదు, కూనల పాలపొడి. పట్టిన ప్రతిసారీ తడి దూదితో తుడిస్తేనే ఒంటికి పోస్తాయి, అది తల్లి నాలుకతో చేసే పని. ఖర్చు చూడండి. ఆపరేషన్, మందులు 15,500. స్కాన్లు, టెస్టులు 2,200. పాలపొడి, సీసాలు 2,700. తల్లికీ కూనలకీ తిండి 3,800. నులిపురుగుల మందు, టీకాలు 3,200. మొత్తం 27,400. రెండు కూనల్నీ 12,000 చొప్పున అమ్మితే వచ్చింది 24,000.

మరి ముందు ఈతల్లో లాభం వచ్చింది కదా అని పాత పుటలు తిరగేశాను. వచ్చింది, నిజమే. టీకాల పద్దు లేదు. టెస్టుల పద్దు లేదు. 45 రోజులకే ఇచ్చేయడం వల్ల తిండి పద్దు సగం. అంటే ఆ లాభం కూనల పుణ్యం కాదు, వాటికి పెట్టాల్సింది పెట్టకుండా మిగుల్చుకున్నది.

అయినా సరే ఈత తీయాలి అనుకునేవాళ్ళు ఉంటారు. జాతి మీద నిజమైన ఇష్టంతో, ఓపికగా చేసేవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళకి ఒకటే చెబుతాను. రెండు పిల్లులకీ పీకేడీ పరీక్ష, బ్లడ్ గ్రూప్, ల్యూకీమియా వైరస్ టెస్టు అయ్యాకే జత కట్టించండి. బ్లడ్ గ్రూప్ ఎందుకంటే, తల్లి బి, తండ్రి ఏ అయితే ఏ గ్రూపు కూనలు తల్లి తొలిపాలు తాగే చనిపోవచ్చు. సిజేరియన్ డబ్బు పక్కన పెట్టుకోండి. ఇచ్చిన కూనని రేపు ఎవరైనా వద్దని తెస్తే తిరిగి తీసుకునే చోటు మీ ఇంట్లో ఉండాలి. నా దగ్గర ఆ చోటు లేదు, అదే మానేయడానికి పెద్ద కారణం. బోర్డింగ్‌కి వదిలి, ఫోన్ ఎత్తడం మానేసినవాళ్ళ పర్షియన్లు ఇప్పటికే రెండు నా దగ్గర ఉన్నాయి. బెజవాడ మే నెలలో ఆ బొచ్చు, ఏసీ బిల్లు, రోజూ దువ్వడం కలిసి మొదటి ఏడాది మోజు దించేస్తాయి.

కొనే బదులు పిల్లిని దత్తత తీసుకోవడం గురించి కూడా చక్కెర పూయను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్ నుంచి ఒక కుర్రాడు ప్లాస్టిక్ టబ్బులో వీధి పిల్లినీ మూడు కూనల్నీ తెచ్చాడు. మిద్దె పిట్టగోడ మీద దొరికాయట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు, దీనికి తిప్పడానికి ఒక్క ఇల్లూ మిగల్లేదు. ఒళ్ళంతా పేలు, కడుపునిండా నులిపురుగులు. తల్లి నాలుగు రోజులు పంజరం మూల నుంచి కదల్లేదు, చెయ్యి పెడితే బుస్సుమనేది. పసుపు కూన వారంలో ఒక ఇంటికి వెళ్ళిపోయింది. మూడు రంగుల కూనకి మూడు వారాలు పట్టింది. నల్లది ఐదు నెలలు నా షాపులోనే పెరిగింది. అందరూ ఎత్తుకుని ముద్దాడేవారు, "నల్లది కదా, పొద్దున్నే ఎదురొస్తే..." అని దించేసేవారు. చివరికి రిటైరైన టీచరుగారు ఒకావిడ తీసుకున్నారు. "నేను బయటికెళ్ళేదే తక్కువ, ఎదురొస్తే ఏం, కూర్చోబెట్టి అన్నం పెడతా" అన్నారు. పేరు కాటుక. తల్లిని నేనే ఉంచుకున్నాను. ఆపరేషన్ అయింది, ఇప్పుడు గోడౌన్‌లో ఎలుక అన్న మాటే లేదు. ఈ ఒక్క లాభం మాత్రం పద్దులో రాయలేదు.

వీధి కూనని తెచ్చుకునేవాళ్ళు మొదటి రెండు వారాలు వేరే గదిలో ఉంచండి, ముఖ్యంగా ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే. పాన్‌ల్యూకోపీనియా అనే వాంతులు, విరేచనాల జబ్బు టీకాలు పడని కూనల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. దాన్ని ఆపే ట్రైక్యాట్ టీకా ఎనిమిది వారాలకి మొదలుపెట్టి బూస్టర్లు వేయించాలి, రేబిస్ టీకా మూడు నెలలకి. పెరుగన్నం మాత్రమే పెట్టి పెంచుతామంటే మాత్రం దయచేసి వద్దు. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. అది లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. మీ ఇంట్లో మాంసం వండకపోతే ప్యాకెట్ తిండి ఉంది, మొహమాటపడకుండా అడగండి. అపార్టుమెంటు అయితే బాల్కనీకి వల కట్టించాకే రండి. అద్దె ఇల్లయితే ఓనరుగారిని ముందే అడగండి. ఇవి చూసుకోకుండా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చినవి నాలుగున్నాయి, అందులో ఒకటి ఇప్పటికీ మనిషిని చూస్తే బల్ల కింద దూరుతుంది.

క్రాసింగ్ డబ్బు పోవడం వల్ల నాకు రాబడి తగ్గుతుంది. దాన్ని పూడ్చుకోవడానికి బోర్డింగ్ రోజుకి 350 నుంచి 400 చేస్తున్నాను. గ్రూమింగ్ రేటు పెంచడం లేదు. దత్తత పిల్లులకి పైసా తీసుకోను, వేసిన టీకాల బిల్లు చూపిస్తాను, అంతవరకు ఇస్తే చాలు. ఆరు నెలలు వచ్చేసరికి ఆపరేషన్ చేయిస్తానని కాగితం మీద సంతకం పెట్టాలి. కొందరికి ఇది చాదస్తంలా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఆదివారం సాయంత్రం నాలుగు తర్వాత రండి, అప్పుడు తీరిగ్గా ఉంటాను. ప్రస్తుతం ఇంటి కోసం ఎదురుచూస్తున్నవి ఆరు: ఆ రెండు పర్షియన్లు, బల్ల కింద దూరేది, ఇంకా మూడు వీధి కూనలు. సుల్తాన్ బిడ్డ ఉన్నవాళ్ళు పాత బిల్లు ఉంటే తెండి, లేకపోయినా పర్వాలేదు, నా నోట్‌బుక్‌లో పేరుంటుంది. తీసుకెళ్ళడానికి మూతున్న బుట్ట తెచ్చుకోండి. పోయినసారి ఒకాయన గోనెసంచి తెచ్చారు, పిల్లిని ఇవ్వకుండా పంపించేశాను.